సిరీలో ఎవరి ఖాతాలో పోయాడు?

మా ఆయన పేరు సిరీలో. ఆయన్ని పొట్టన పెట్టుకుంది మాంసం ఫ్యాక్టరీ. నెబ్రాస్కాలోని ఈ ఊళ్ళో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. కరోనా రోజుల్లో కూడా పశువుల్ని కోసే లైనులో భుజాలు రాసుకునేంత దగ్గరగా నిలబెట్టారు. జ్వరమంటే ఇంటికి పొమ్మన్నారు, జీతం మాత్రం ఉండదన్నారు. అక్కడ పోయినవాళ్ళంతా మాలాగే గ్వాతెమాలా నుంచో మెక్సికో నుంచో వచ్చినవాళ్ళు. ఒక్కరికీ ఓటు లేదు. సిరీలో పౌరసత్వం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, అది రాకుండానే వెళ్ళిపోయాడు.

మొన్న యూనివర్సిటీ నుంచి గ్రెచెన్ అనే అమ్మాయి వచ్చి, అందర్నీ లైబ్రరీలో కూర్చోబెట్టి తన పరిశోధన వినిపించింది. వలసవాళ్ళను తరిమేస్తామనే పార్టీకి ఓట్లు ఎక్కువ పడిన కౌంటీల్లో, అంటే జిల్లాల్లో, కరోనా చావులూ ఎక్కువేనట. మాస్కులొద్దన్న రాజకీయమే జనాన్ని చంపిందట. తెరమీద మా కౌంటీ పేరు అన్నిటికన్నా పైన ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను నోరు తెరిచేలోపే డ్వేన్ లేచాడు. ఇక్కడ ఆ పార్టీకి పెద్దదిక్కు వాడే. మేం ఎదురుపడితే మొహం చిట్లించుకునే రకం. మావాళ్ళెవరూ చావలేదు, చచ్చింది ఫ్యాక్టరీవాళ్ళు, వాళ్ళ చావులు మా నెత్తిన రుద్దకండి అన్నాడు. నా ఖర్మ కాకపోతే, ఆ గదిలో నిజం చెప్పింది వాడొక్కడే. లేచి నిలబడి, అతను చెప్పింది నిజమేనన్నాను. వాడు నావంక చూడను కూడా చూడలేదు.

సభ అయ్యాక గ్రెచెన్ కాఫీ తెచ్చిచ్చి నా పక్కన కూర్చుంది. మనిషి మంచిదే, స్పానిష్ కూడా చక్కగా మాట్లాడుతుంది.

"మా ఆయన్ని ఎవరి ఖాతాలో వేశావమ్మాయ్?" అని అడిగాను.

ఎవరు ఏ పార్టీయో డెత్ సర్టిఫికెట్లో ఉండదనీ, అందుకే పోయినవాళ్ళందరికీ కౌంటీలో గెలిచిన పార్టీ ఓటునే అంటగట్టాల్సి వచ్చిందనీ నసిగింది. ఫ్యాక్టరీ చంపిందని రాయొచ్చు కదా అంటే, కంపెనీ ఒక్క వివరమూ ఇవ్వనంటోందట.

"అయితే ఆయన్ని తీసెయ్."

"తీసేయొచ్చు, ఒటీలియా గారూ. పుట్టిన దేశం రాసి ఉంటుంది కాబట్టి, బయటినుంచి వచ్చినవాళ్ళందర్నీ తీసేస్తాను. కానీ అప్పుడు మీ కౌంటీలో లెక్కకు సరిపడా చావులు మిగలవు. కౌంటీనే వదిలేయాలి."

"అంటే?"

"ఇక్కడ ఎవరూ పోనట్టే."

 కంపెనీకి కావలసిందీ అదే, డ్వేన్‌కి కావలసిందీ అదే.

"వద్దులే, ఉంచు," అన్నాను. "బతికున్నన్నాళ్ళూ ఆయనకు ఈ దేశం ఓటివ్వలేదు. చచ్చాక నువ్విచ్చావు. అదీ డ్వేన్ పార్టీకే వేయించావు."