మూడోసారి అడిగితేనే

నేను ఒక కమోడ్ కుర్చీని. ముక్కు మూసుకోకండి, రేపో మాపో మీరూ నా మీదికి రావాల్సినవారే. గాజువాకలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నడుమ కన్నం, కింద బకెట్టు, ఇదే నా అందం. మొదట ఒక రిటైర్డు జడ్జీగారింట్లో ఉండేదాన్ని. చుట్టాలొస్తే నా మీద దుప్పటి కప్పి, పైన పూలకుండీ పెట్టేవారు. ఆయన పోయాక, పుణ్యం వస్తుందని నన్ను విశాఖలో ఒక వృద్ధాశ్రమానికి ఇచ్చేశారు. గోదానం, భూదానం విన్నాను గాని ఈ దానం నాతోనే మొదలైందేమో.

ఇక్కడ నా మీద కూర్చునే పెద్దమనిషి సన్యాసిరావు గారు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పేరుకే సన్యాసి, ఒళ్లు మాత్రం భారీ. పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. ఆయన్ని మంచం మీంచి నా మీదికి చేర్చేది ఆయా నూకాలమ్మ. ఆవిడకు తోడుగా షిల్లాంగ్ నుంచి వచ్చిన నర్సు దారిషాను పెట్టారు.

"నేను పట్టుకోనా, అక్కా?" అని దారిషా రోజూ అడిగేది. "వద్దులేమ్మా" అని నూకాలమ్మ రోజూ అనేది. ఆ పిల్ల వెంటనే వెనక్కి తగ్గేది. నూకాలమ్మకు ఒళ్లు మండేది. వద్దన్నంత మాత్రాన ఊరుకుంటారా ఎవరైనా? ఇంకోసారి అడగాలి, కాదు కూడదని చెయ్యి వేయాలి. నర్సమ్మకు ఈ పని నామోషీ అని తీర్మానించుకుంది. తన మీద నమ్మకం లేకే దగ్గరికి రానివ్వడం లేదని దారిషా లోలోపల కుమిలిపోయింది. మొహమాటానికి పోతే కడుపయిందంటారు. ఇక్కడ నూకాలమ్మకు నడుం పట్టేసింది. చివరికి నూకాలమ్మ వెళ్లి, ఆ పిల్ల పనిలో చెయ్యి వేయదని మేనేజరుకు చెప్పేసింది. ఆయన దారిషాను ఉద్యోగం మానేసి పొమ్మన్నాడు.

ఆ పిల్లకు ఆఖరి రోజు. నూకాలమ్మ పెద్దాయన్ని ఎత్తబోయింది. సగంలో నడుం కలుక్కుమంది. "పట్టుకోనా, అక్కా?" అంది దారిషా. ఆ నొప్పిలోనూ "వద్దులే" అంది మహాతల్లి. దారిషా చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

మంచానికీ నాకూ మధ్య వేలాడుతున్న సన్యాసిరావు గారికి చిర్రెత్తింది.

"మర్యాదలు మీవి, పడేది నేను. ఇదిగో పిల్లా, మా వైపు మొదటిసారి వద్దంటే మర్యాద, రెండోసారి మొహమాటం, మూడోసారి వద్దంటేనే వద్దని. ముందు పట్టుకో."

పట్టుకుంది. ఆయన దబ్బున నా మీద పడ్డారు.

"ఒకసారి వద్దంటే మళ్లీ అడగొద్దు అని మా అమ్మ చెప్పింది. అడిగితే వాళ్ల మాట నమ్మనట్టు" అంది దారిషా, ఏడుస్తూ.

నూకాలమ్మ నడుం పట్టుకునే మేనేజరు గదికి నడిచింది. "తప్పు నాదే బాబూ. ఆ పిల్లని పంపిత్తే నానూ ఎల్లిపోతాను" అన్న మాట ఇక్కడికి వినిపించింది. ఆయన ఒప్పుకున్నాడు. నూకాలమ్మ తిరిగొచ్చి దారిషా ముందు నిలబడింది.

"ఎల్లకే తల్లీ, ఉండిపో."

"వద్దక్కా."

నూకాలమ్మ నోరు మూసుకుంది. ఇప్పుడే నేర్చుకుంది కదా, ఆ పిల్ల ఇంట్లో ఒకసారి వద్దంటే వద్దే. మళ్లీ అడిగితే అవమానం. కన్నీళ్లు దిగమింగుకుని గుమ్మం వైపు తిరిగింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఉన్నది కన్నం.

"అక్కా" అంది దారిషా వెనకనుంచి. "ఇంకా రెండుసార్లు అడగాలి కదా?"

నూకాలమ్మ రెండుసార్లూ ఒక్క ఊపిరిలో అడిగేసింది. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. తన పని అయ్యి చాలాసేపయిందని సన్యాసిరావు గారు గుర్తుచేశారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు.