బొంగరం వెనక మనిషి

మా ఆడపడుచు పుట్టినప్పుడు ఏడవలేదట, మాట్లాడిందట. మా అత్తగారు చెప్పే మాట ఇది. అత్తగారి మాటల్లో సగం కొట్టేసి మిగతా సగమే నమ్మడం నా అలవాటు గానీ, ఈ ఒక్కదాన్ని మాత్రం పూర్తిగా నమ్ముతాను. టీవీ కట్టేయవచ్చు, కుళాయి కట్టేయవచ్చు. ఆవిడను కట్టేసే మీట ఎక్కడుందో మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

ఆ రోజు సాయంత్రం వంటింట్లోకి వస్తూనే వాన గురించి, బస్సు గురించి, బస్సులో తన కాలు తొక్కినవాడి గురించి చెప్పింది. ఆ తర్వాత మూత తీసి చూసి, నా కూరను మెచ్చుకుంది. ఏదో ఘోరం జరిగిందని నాకు అప్పుడే అర్థమైంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు వదినా. నేను దొంగనట."

ఆవిడ ఉద్యోగం గురించి చెప్పాలి. సబ్బు ఫ్యాక్టరీ వెనక ఉన్న మా చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆటగాళ్ళను వెతికిపెట్టడం ఆవిడ పని. స్కౌటు అంటారు. ఆ మాట వింటే పెద్ద హోదాలా ఉంటుంది కానీ, నిజానికి ఆదివారాలు ఊరూరా చిన్నాచితకా జట్ల ఆటలు చూస్తూ, తడి బెంచీల మీద కూర్చోవడమే. గోల్ కొట్టేవాడిని గుర్తుపట్టడానికి స్కౌటు దేనికి, స్కోరు బోర్డు చాలు. అలాంటివాళ్ళను నది అవతలి పెద్ద క్లబ్బు ఎప్పుడో కొనేసుకుంటుంది. మా వాళ్ళు చీకటి పడే వేళ బజారుకి వెళ్ళే రకం. అప్పటికి మిగిలిన వంకాయల్లో ఏది పైకి మాత్రమే వాడింది, ఏది లోపల పుచ్చింది అన్నది చూసుకోగలిగితేనే ఆ పూట భోజనం. మా ఆడపడుచు ఆ చూపుతోనే ఐదారుగురిని ఏరి తెచ్చింది. ఎవరికీ అక్కర్లేని ఆ ఐదారుగురితోనే, కిందటేడు లీగు పట్టికలో మా క్లబ్బు తనకన్నా ఎన్నో రెట్లు కలిగిన వాళ్ళను దాటి నిలబడింది.

ఈ ఏడు మాత్రం ఆవిడ ఎవరిని చూసి వస్తే వాళ్ళను, మా క్లబ్బు కబురు పంపేలోపే, పెద్ద క్లబ్బు ఎత్తుకుపోతోంది. ఒకసారి జరిగితే ఖర్మ అనుకున్నారు. మూడోసారికి ప్రెసిడెంటుగారు కమిటీ అందరి ముందూ, "మన కుండకి చిల్లు ఉంది, ఎక్కడుందో నాకు తెలుసు" అని మా ఆడపడుచు వంక చూశారట. ఇంకొక్క పేరు బయటికి పోయిందంటే మళ్ళీ ఆఫీసు మెట్లు ఎక్కవద్దన్నారట.

"అంటే నేను పేర్లు అమ్ముకుంటున్నానని" అంది. ఉల్లిపాయ కోస్తోంది కాబట్టి కళ్ళనీళ్ళ సంగతి నేను అడగలేదు.

భోజనాల దగ్గర మా ఆయన తీర్పు చెప్పారు. "మానేసి వేరే ఉద్యోగం చూసుకోవే. గట్టిగా మాట్లాడితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది."

"మానేస్తే మాత్రం? గుమ్మడికాయ ఎత్తుకుని పారిపోయినట్టు ఉంటుందన్నయ్యా" అంది ఆవిడ. "వెళ్ళను. వాళ్ళే పంపాలి. పంపేముందు రుజువు చూపించాలి."

ఆయన నా వంక చూశారు. నేను మజ్జిగ వంక చూశాను. "ఈ ఆదివారం నేనూ వస్తాను" అన్నాను. కాలేజీలో చరిత్ర చదివినదాన్ని. కోటలు కూలిన కథలన్నిటిలోనూ ఎక్కడో ఓ చిన్న దిడ్డి తలుపు తెరిచే ఉంటుంది. అదెక్కడుందో చూడాలనిపించింది.

ఆదివారం వెళ్ళింది కుర్చీలూ మంచాలూ చేసే ఫ్యాక్టరీ వాళ్ళ మైదానానికి. ఒక పక్క గోడ, ఒక పక్క రంపపు పొట్టు గుట్టలు, మిగిలిన వైపు చెక్క మెట్లు. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆటగాళ్ళ బంధువులే.

ఫ్యాక్టరీ జట్టులో ఎడమ వైపు ముందు ఆడే కుర్రాడిని అందరూ బొంగరం అని అరుస్తున్నారు. పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. బంతి అందితే చాలు, తిరుగుతాడు. ఒకణ్ణి తప్పించుకుని తిరుగుతాడు, ఆ ఒకడు కిందపడ్డాక కూడా తిరుగుతాడు. జనం ఈలలు వేస్తున్నారు. నాకు కూడా వేయాలనిపించింది.

అతని వెనక, అదే ఎడమ వైపున, గోల్‌కీపర్‌కి ముందు, డిఫెన్సులో ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు. తీరికయ్య అని పిలుస్తున్నారు. అతను పరిగెత్తడం లేదు. పార్కులో షికారుకి వచ్చినట్టు నాలుగడుగులు అటూ, రెండడుగులు ఇటూ నడుస్తున్నాడు. బంతి వచ్చేసరికి మాత్రం అక్కడే ఉంటున్నాడు. ఎలా వచ్చాడో తెలియదు, ఉంటున్నాడంతే.

కాసేపటికి నా చెవులకి ఏదో తేడాగా అనిపించింది. ఫ్రిజ్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే తెలుస్తుంది చూడండి, అలాగ. పక్కకి తిరిగి చూస్తే మా ఆడపడుచు మాట్లాడడం లేదు. బంతి గోడ వైపుకి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టింది, ఆపిన మాట దగ్గర్నుంచే. బంతి తీరికయ్య దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఆగింది.

రెండు వరసల వెనక గొడుగు పట్టుకుని ఒకాయన కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఈవిడ మాట్లాడినంతసేపూ ఆయన నముల్తున్నాడు. ఈవిడ ఆగితే ఆయన నమలడం ఆపి, మెడ చాచి, ఈవిడ చూస్తున్న వైపు చూస్తున్నాడు.

సగం ఆట అయి ఆటగాళ్ళు మంచినీళ్ళకి వెళ్ళారు.

"వెనక్కి తిరగకు" అన్నాను. "నీకు ఆటగాడు నచ్చితే నోరు ఆగిపోతుందని తెలుసా?"

"నా నోరా? ఎప్పుడు ఆగింది?"

"ఇందాకటి నుంచీ. ఆ తీరికయ్య దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా. వెనక గొడుగాయన నీ నోరే చూస్తున్నాడు."

"ఆ గొడుగా? మనవాళ్ళు చేజారిన ఆ మూడు ఊళ్ళలోనూ ఉన్నాడు వదినా. ఎండలో కూడా గొడుగు మోస్తున్నాడు, పాపం ఏదో జబ్బు మనిషి అనుకున్నాను. ఒకసారి నేనే అడిగి పల్లీలు తిన్నాను."

"పెద్ద క్లబ్బుకి వేరే స్కౌటు ఎందుకు? నీ జీతం మన క్లబ్బు ఇస్తుంది, పల్లీల ఖర్చు మాత్రం వాళ్ళది."

లేచి వెళ్ళి ఆ గొడుగు విరగ్గొడతానంది. కొంగు పట్టి కూర్చోబెట్టాను. "విరగ్గొడితే రేపు టోపీ పెట్టుకుని ఇంకొకడు వస్తాడు. ఆయనకింకా ఇద్దరి మధ్య సందేహమే. తీరికయ్యా, బొంగరమా అని. ఇద్దరిదీ ఒకే పక్క కదా. ఆ సందేహం మనం తీర్చేద్దాం. బొంగరం దగ్గరికి బంతి వస్తే నువ్వు నోరు మూసుకో. తీరికయ్య దగ్గరికి వస్తే మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

నా జన్మలో ఆవిడ నోట వింటాననుకోని ప్రశ్న అది.

"మన వంటింటి కుళాయి కారుతోంది. దాని గురించి మాట్లాడు."

ఆట మళ్ళీ మొదలైంది. బొంగరం తిరిగాడు. మా ఆడపడుచు ముందుకి వంగి, గుడిలో బొమ్మలా అయిపోయింది. వెనక నమలడం ఆగింది. బంతి పోయి తీరికయ్య వైపు వచ్చింది.

"అసలు వాషరు మార్చకుండా ఎన్నాళ్ళు గుడ్డ చుడతావు వదినా? అన్నయ్యకి చెప్తే రేపంటాడు. అబ్బా, ఎక్కడ నిలబడ్డాడో చూ... చూడాలి కదా ఆ వాషరు ఏ సైజో. అన్నయ్యకి సైజులు తెలియవు, పెళ్ళికి కొన్న చెప్పులే రెండు కాళ్ళకీ ఒకటి కాదు..."

నోరు కుళాయి గురించి మాట్లాడుతోంది గానీ, చేత్తో నా మణికట్టు పట్టుకుని ఉంది. తీరికయ్య బంతి అందుకున్నప్పుడల్లా ఆ గోళ్ళు దిగుతున్నాయి. ఆట అయ్యేసరికి అతను ఆడిన ఆటంతా నా చేతి మీద అచ్చుపడింది. నొప్పి మరిచిపోవడానికి నేను కూడా అతన్నే చూశాను. చూస్తే ఒక సంగతి తెలిసింది. బొంగరం పది సార్లు తిరిగితే నాలుగుసార్లు బంతి పోగొట్టుకుంటున్నాడు. పోయిన ప్రతిసారీ వెనక తీరికయ్య ముందే వచ్చి నిలబడి, దాన్ని తీసుకుని, మళ్ళీ అతనికే ఇస్తున్నాడు. పిల్లాడు ఒలకబోసిన పాలు ఎవరూ చూడకముందే తల్లి తుడిచేసినట్టు. జనానికి కనిపించేది తిరగడం ఒక్కటే.

గొడుగాయన ఆట ముగియకముందే ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పల్లీల పొట్లం అక్కడే వదిలేశాడు.

వారం తిరక్కుండానే బొంగరం పెద్ద క్లబ్బు చొక్కా వేసుకుని పేపర్లో నవ్వాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటిన కట్టేయమన్నారట. నిజంగా ఈనిందా అని అడిగేవాడు అంత పెద్ద క్లబ్బులో ఒక్కడూ లేకపోయాడు.

ఆ పేపరు పట్టుకునే ప్రెసిడెంటుగారు మా ఆడపడుచును పిలిపించారు. నేనూ వెళ్ళాను. సాక్షిని అన్నాను. ఆఫీసు గదంతా సబ్బు వాసన. కోచ్ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"ఇదిగో, నాలుగోవాడు" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇతను మనకి కావలసినవాడు కాడండీ. మనకి కావలసినవాడు ఇంకా మంచాలకి కోళ్ళు బిగిస్తున్నాడు" అంటూ ఆవిడ గొడుగు సంగతి, పల్లీల సంగతి మొత్తం చెప్పింది.

"పల్లీలు తినేవాడు గూఢచారా అమ్మా? రేపు ఐస్‌క్రీమ్ తినేవాడు పోలీసంటావు."

కోచ్ గోరు వదిలాడు. "తీరికయ్యా? నేను చూశాను. అతను నడుస్తాడు."

"పరిగెత్తేవాడు ఆలస్యమైనవాడు సార్" అంది మా ఆడపడుచు. "ఇతనికి ఆలస్యం కాదు, అందుకని నడుస్తాడు."

ప్రెసిడెంటుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "సరే, తీసుకుంటాను. కానీ పెద్ద క్లబ్బుతో ఆట రోజున అతని వైపు నుంచి ఒక్క గోల్ పడ్డా నువ్వు మళ్ళీ రావద్దు."

"పడకపోతే?"

"పడకపోతే ఏముంది, ఉంటావు."

"అది చాలదండీ. నన్ను దొంగన్నారు. ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందే ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

ఆయన నా వంక చూశారు, సాయం చేస్తానేమోనని. "సాక్షి రాసుకుంది" అన్నాను. నా చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు.

పెద్ద క్లబ్బు ఆ రోజు రెండు బస్సుల్లో వచ్చింది. ఒకటి ఆటగాళ్ళకి, రెండోది సామానుకి. మా వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారు. ఆ క్లబ్బులో ఎడమ వైపు ఖాళీ లేదు, అక్కడ ఖరీదైనవాళ్ళు వరసలో ఉన్నారు. కొన్న వస్తువు అటక మీద పెట్టలేక బొంగరాన్ని కుడి వైపుకి తోశారు. అంటే తీరికయ్యకి ఎదురుగా.

బొంగరం అలవాటు ప్రకారం తిరిగాడు. ఎటు తిరుగుతాడో తీరికయ్యకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఇన్నేళ్ళూ వెనకుండి తుడిచినవాడు కదా. ఒక అడుగు వేసి బంతి తీసుకున్నాడు. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ తీసుకున్నాడు. పోయిన బంతి కోసం బొంగరం వెనక్కి తిరిగి చూస్తున్నాడు గానీ, అక్కడ ఎత్తి ఇచ్చేవాడు లేడు. అక్కడున్న ఖరీదైన మనిషి నడుం మీద చేతులు వేసుకుని ఆకాశం చూస్తున్నాడు. కాసేపటికి నాకు బొంగరం మీద జాలి కూడా వేసింది.

"జాలి పడకు వదినా, అతని జీతం మీ ఆయన జీతానికి ఎన్నింతలో" అంది మా ఆడపడుచు. జాలి పోయింది.

రెండో సగంలో తీరికయ్య అలాగే ఒక బంతి తీసుకుని, ఈసారి ఆగకుండా ముందుకి నడిచాడు. ఎవరూ అడ్డురాలేదు. నడిచేవాడి నుంచి ఎవరూ ప్రమాదం ఊహించరు. సగం మైదానం దాటాక తలెత్తి, కుడి వైపు ఖాళీలోకి బంతి పొడుగ్గా వేశాడు. అక్కడికి మా వాళ్ళలో కురచగా ఉండే ఒకడు, కిందటేడు మా ఆడపడుచే ఒక రైల్వే జట్టులో ఏరి తెచ్చినవాడు, దూసుకొచ్చి గోల్ లోకి తన్నాడు. ఆ తర్వాత పెద్ద క్లబ్బు ఎంత తన్నుకున్నా తీరికయ్య వైపు నుంచి దారి లేదు, అవతలి వైపు నుంచి గోల్ లేదు. ఒకటికి సున్నాతో ఆట ముగిసింది.

మెట్ల మీద ఎవరో ముసలాయన నన్ను కావలించుకోబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి పక్కన ఉన్న స్తంభాన్ని కావలించుకున్నాడు.

కమిటీ గదిలో అందరూ ఉన్నారు. టీ కప్పులు తిరుగుతున్నాయి. ప్రెసిడెంటుగారు ఎదురొచ్చి, "నాకు మొదట్నుంచీ నీ మీద నమ్మకమేనమ్మా" అన్నారు.

"లేదండీ" అంది మా ఆడపడుచు. "మొదట్నుంచీ లేదు. ఈ గదిలోనే, ఈ కుర్చీల్లో వీళ్ళే ఉండగా చిల్లు అన్నారు."

ఆయన గొంతు సవరించుకుని, కప్పులోకి చూస్తూ, "తప్పు నాదేలే" అన్నారు.

"ఆ చివర కూర్చున్నవాళ్ళకి వినపడలేదు."

చివర కూర్చున్నవాళ్ళు వినపడిందన్నట్టు తలలూపబోయి, ఆవిడ చూపు చూసి మానేశారు. ఆయన లేచి నిలబడ్డారు. మెడ ఎర్రబడింది. "ఈ అమ్మాయిని నేను అనకూడని మాట అన్నాను. తప్పు. ఆవిడ ఎవరికీ ఏ పేరూ అమ్మలేదు." ఈసారి పక్క గదిలో బూట్లు విప్పుకుంటున్న ఆటగాళ్ళకి కూడా వినిపించింది. లోపల ఎవరో బల్ల మీద అరచేత్తో కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు.

మా ఆడపడుచు థాంక్స్ చెప్పలేదు, నవ్వలేదు. టేబులు చివర ఉన్న కుర్చీ శబ్దం వచ్చేలా ముందుకి లాక్కుని కూర్చుంది.

"సరే. ఇక మన గోల్‌కీపర్ సంగతి మాట్లాడదాం. అతనికి ఎడమ మోకాలు సరిగ్గా లేదు, మీకెవరికీ తెలిసినట్టు లేదు."