పదకొండు గంటల లోపల

గాజుగొట్టంలో బావినీళ్ళు పట్టి తిమోతి నాలుగు చుక్కల మందు వేశాడు. నీళ్ళు పసుపు తిరిగాయి. ఆ రంగును పెట్టెలోని రంగుబిళ్ళలతో పోల్చి, తొమ్మిది గంటలు, నాలుగు, అని రాసుకున్నాడు. ఏడింటికి ఎనిమిది ఉండింది. కోటి పాళ్ళ నీళ్ళలో అన్ని పాళ్ళు క్లోరిన్ ఉన్నట్టు.

అది 1961 ఆగస్టు. దొరవారిసత్రానికి తూర్పున పులికాట్ ఒడ్డున ఉన్న జాలర్ల పల్లెలో కలరాతో వారంలో ముగ్గురు పోయారు. ఊరికంతా అదొక్కటే బావి. బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలపడం తిమోతి ఉద్యోగం, పంతొమ్మిదేళ్ళుగా అదే. అంతకు ముందు ఇంటర్మీడియట్ తప్పాడు. భార్య ఆనందకుమారి, పసిబిడ్డ ఈ జబ్బుతోనే పోయారు. ఎవరైనా అడిగితే, లేరని మాత్రం అంటాడు.

ఉదయం, సాయంత్రం కలిపితే చాలని పైవాళ్ళ ఉత్తర్వు. తిమోతి లాగరిథమ్ పట్టిక తెరిచాడు. ఎనిమిది లాగరిథమ్‌లోంచి నాలుగు లాగరిథమ్ తీసేసి, తేడాను రెండు గంటలకు పంచాడు. క్లోరిన్ గంటగంటకూ సమానంగా తగ్గదు. సమానంగా తగ్గేది దాని లాగరిథమ్; అంటే ప్రతి రెండు గంటలకూ ఉన్నదాంట్లో సగం పోతుంది. ఆ లెక్కన పదింటికి రెండు పాయింట్ ఎనిమిది, పదకొండింటికి రెండు. అంతకు దిగితే క్రిములు చావవు. సాయంత్రం ఐదింటికి ఒకటిలో పావు వంతే మిగులుతుంది.

పదింటికి రంగు మూడుకు కాస్త తక్కువగా కనిపించింది. లెక్క సరిపోయింది. అతనికి సంతోషమేమీ కలగలేదు.

నీళ్ళకొచ్చిన పేరమ్మ, వాసనకు తాగలేకపోతున్నామంది. పోయిన ముగ్గురిలో ఒకతె ఆమె కోడలు.

"నా కోడలు జబ్బున పడిన నాడు గూడా పొద్దున్నే పోసినారు గదయ్యా."

"ఒకసారే పోసినారక్కా. రెండు గంటలకు ఉండేదాంట్లో సగం పోతాది. ఈ గిలకరాట నీడ పదకొండింటికి ఆ రాయిని వదలతాది, ఆలోపల మళ్ళా పొయ్యాల."

ఆమె కడవెత్తుకుని వెళ్ళింది. తిమోతి బకెట్టులో పొడి కలిపి, కళ్ళజోడు తీసి గట్టు మీద పెట్టి, మడ్డి అడుక్కు దిగాలని రాటకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లవారినప్పటి నుంచి ఎడమచెయ్యి లాగుతోంది.

పేరమ్మ మళ్ళీ వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

నీడ రాతి అంచుకు వచ్చింది. ఆమె బకెట్టు ఎత్తి, పొద్దున అతను పోసినట్టే మడ్డి కదలకుండా, పైతేట మాత్రం బావిలో వంచింది. ఆ తర్వాతే మనుషుల్ని కేకేసింది.

మధ్యాహ్నం ఎద్దుబండిలో అతన్ని దొరవారిసత్రం తీసుకుపోయారు. కొత్త మనిషి వచ్చేదాకా నాలుగు రోజులు నాలుగు గంటలకొకసారి ఆమే కలిపింది. పల్లెలో ఇంకెవరూ పోలేదు.

బావిగట్టు మీద అతని కళ్ళజోడు ఉండిపోయింది. ఒక పక్క కాడ లేదు. చెవికి తగిలించుకోవడానికి వలదారం కట్టి ఉంది.