వరండాలో బెంచీ

"బెంచీ వెనక వాకిట్ల పెడితే మీకొచ్చిన నష్టమేంది? నేనేమన్న బయట పారేస్తున్ననా?" అంది శకుంతల, చాటలో బియ్యం ఏరుతూనే.

"దాని జాగల దాన్ని ఉండనియ్యరాదు." సోమేశ్వర్ పేపరు దించకుండానే అన్నాడు.

"నాలుగు దినాల సంది ఇదే మాట. పొద్దున తలుపు తీస్తే ఆమె మొఖమే. వరండా కడుగుదామన్నా లేవదు. బెంచీ లేకపోతే రెండు దినాలు చూసి తనే మానుకుంటది."

"మానుకోదు. కింద కూసుంటది."

అది నిజమని శకుంతలకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందట, యాభై రెండులో, సోమేశ్వర్ సంగారెడ్డిలో వకీలుగా బోర్డు కట్టిన వారమే ఆ టేకు బెంచీ వరండాలోకి వచ్చింది. హత్నూర నుంచి, లక్డారం నుంచి, గడ్డపోతారం నుంచి వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని చెక్కను నున్నగా చేశారు. ఊరికి బస్సు కావాలన్నా, బడికి గది కావాలన్నా అర్జీ ఆయనే ఊరికే రాసిచ్చేవాడు. ఆడపిల్లల హైస్కూలు కమిటీకి తొమ్మిదేళ్లుగా ఆయనే సెక్రెటరీ. అందరికీ టీలు కాచీ కాచీ శకుంతల విసుక్కునేది. కానీ బస్సులో ఎవరైనా "వకీల్ సాబ్ ఇంటామె, లేచి కూసోనియ్యిరా" అంటే, ఆ సీట్లో కూర్చున్నంత సేపూ విసుగు గుర్తుకొచ్చేది కాదు.

ఇప్పుడు బెంచీ మీద కూర్చున్నది లక్డారం రాజవ్వ. ఆమె సంగతి శకుంతలకు కొంత తెలుసు. ఫ్యాక్టరీల కోసం సర్కారు అక్కడి భూములు తీసుకుంది. రాజవ్వ మొగుడూ, అతని అన్న పెద్దరాములూ పొలాన్ని నోటిమాట మీద పంచుకున్నారు. పట్టా మాత్రం అన్న పేరునే ఉంది. మొగుడు పోయాక పన్నెండేళ్లుగా తన సగం రాజవ్వే దున్నించుకుంది. తీరా సర్కారు నోటీసు వచ్చాక, ఆ భూమిలో నాకు భాగం లేదని కాగితం మీద వేలిముద్ర వేసిందట. పరిహారమంతా పెద్దరాములు తీసుకున్నాడు. ఆమె తరఫున సోమేశ్వర్ ఊరికే దావా నడుపుతున్నాడు. ఇంత చేస్తుంటే ఇంకా గుమ్మం ముందు ఈ కూర్చోవడమేమిటన్నది శకుంతల కోపం.

చాట పక్కన పెట్టి, గ్లాసులో టీ పోసి తీసుకుని బయటికి వెళ్లింది.

"రాజవ్వా, రేపు వాయిదా ఉన్నది గదా. కోర్టుకే వస్తే అయిపోయె. ఈడ ఏం పని?"

"కోర్టుల నాకేం సమజైతదమ్మా. అంత ఇంగిలీసు."

"ఈడ కూసుంటే సమజైతదా మరి?"

రాజవ్వ నవ్వి గ్లాసు అందుకుంది. "సార్‌ను ఒక్కటే అడిగిన. ఆ కాయితం నాకు ఒక్కపారి సదివి సెప్పుమన్న. ఏం రాసిన్రో ఇనాలె. గా దినం సదవలేదు గద."

శకుంతల చెయ్యి తలుపు మీదే ఆగింది. "చదవకపోతే ఏలుముద్ర ఎట్ల ఏసినవు?"

"సార్ ఎయ్యుమన్నడు, ఏసిన. సార్ సేతిల కాయితానికి ఎవరన్న అడుగుతరా? మా ఇంటాయన బాయి మోటరు అప్పు కాయితానికి గూడ గట్లనే ఏసిండు." టీ ఊదుకుంది. "మా సెల్కల్నే ఫ్యాక్టరీ గోడ కడుతున్నరు. మొన్నటిదాంక ఆడ్నే ఇటికలు మోసిన. గిప్పుడు బాయి పూడుస్తున్నరు. అది సూడలేకనే నాలుగు దినాల సంది పోతలేను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే శకుంతల ఏదో ఒకటి అనగలిగేది.

లోపల సోమేశ్వర్ ఇంకా పేపర్లో అదే పేజీ దగ్గర ఉన్నాడు.

"చదవలేదా?" అంది శకుంతల.

ఏ కాగితమని ఆయన అడగలేదు.

"ఆ దినమే బడి కొత్త గది ప్రారంభం. గుమాస్తా బాలప్ప రాసిండు. ఇంట్ల అన్ని మాట్లాడుకున్నమని పెద్దరాములు అన్నడు. కింద నేనే నా చేతితోటి రాసి సంతకం పెట్టిన, ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేసిన వేలిముద్ర’ అని. ప్రతి కాయితం కింద రాసేదే. చెయ్యి దానంతటదే రాస్తది." పేపరు మడిచాడు. "పోయిన వాయిదాకు అవతలి వకీలు అదే చూపించిండు. సంతకం మీదేనా అని జడ్జి అడిగిండు. నాదే అన్న. చదివి వినిపించిన్రా అన్నడు. ఇంకో వాయిదా అడిగి వచ్చిన."

శకుంతలకు ఆ రోజు గుర్తొచ్చింది. గద్వాల చీర కట్టుకుని తయారై, ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడి, "జల్దీ రాన్రి, మనమే ఆలస్యం పోతే ఎట్ల?" అని రెండుసార్లు పిలిచింది తనే. లోపల ఎర్రకొంగు కప్పుకున్న ఒక మనిషి నల్లటి బొటనవేలిని తలకు తుడుచుకుంటూ కనిపించింది కూడా. ఆ మనిషే ఈ మనిషి.

బెంచీ మాట ఇక ఎత్తలేదు.

మధ్యాహ్నం గంజ్‌లో దుకాణం మూసి మరిది రాజేశం భోజనానికి వచ్చాడు, ఆదివారాలు అతనికి అలవాటు. ముగ్గురూ పీటల మీద కూర్చున్నాక, కూర వడ్డించకముందే మొదలుపెట్టాడు.

"అన్నా, బజారంత అదే ముచ్చట. రేపు చదివిన అని ఒక్క మాట అను, అయిపోతది."

"చదవకుండ చదివిన అంటే అబద్ధం గదా చిన్నాయినా?" అంది కూతురు చంద్రకళ. ఆ పిల్ల ఇంటర్మీడియెట్ చదువుతోంది.

"నీ కాలేజీల చెప్పేది అబద్ధం. కోర్టుల చెప్పేది జవాబు. నువ్వు తిను బిడ్డా." అన్న వైపు తిరిగాడు. "ఈ ఒక్కటి చదవలేదంటే, ఇరవై రెండేండ్ల కాయితాలన్ని చదవనట్లే. ఓడిపోయినోడల్లా వచ్చి నాకూ చదవలేదంటడు. నా దుకాణం కిరాయి కాయితం సుత నీ చేతిదే. కమిటీల ఉంచుతరా నిన్ను?"

సోమేశ్వర్ అన్నం కలుపుతూనే ఉన్నాడు, పప్పు వేయకముందే.

"నిజం చెప్తే ఆమె భూమి ఆమెకు వస్తదా?" అడిగింది శకుంతల. అవునంటాడని ఆశగా ఉంది ఆమెకు.

"రాదు. సర్కారు తీసుకున్నది మళ్ల ఇయ్యదు. పరిహారంల భాగమని తీర్పు రావచ్చు. పెద్దరాములు దగ్గర ఏం మిగిలిందో దేవునికే ఎరుక. బాయి ఎట్లనో పూడిపాయె."

"మరెందుకన్నా?" అన్నాడు రాజేశం.

శకుంతల గరిటె పట్టుకుని నిలబడింది. చెప్పమనడానికీ ఆమెకు నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. వరండాలో బెంచీ కిర్రుమంది. రాజవ్వ నీడ కోసం ఇవతలికి జరిగినట్టుంది.

సోమేశ్వర్ చెయ్యి కంచంలోనే ఆపి, కోర్టులో కంటే చిన్న గొంతుతో చెప్పాడు.

"రేపు పొద్దుగాల ఆమె వకాల్తా వదులుకుంటున్న. వకీలుగ ఉండి సాక్ష్యం చెప్పరాదు. బోనెక్కి, చదవలేదని చెప్త. కమిటీకి రాజీనామా పొద్దున్నే బాలప్పతోటి పంపిన. తర్వాత బోర్డు ఉంటదో, తీసేయాల్నో నాకు తెల్వది."

శకుంతల వంగి ఆయన కంచంలో పప్పు వేసింది.

"అన్నం తిన్నంక ఆమెకు ఆ కాయితం నకలు చదివి వినిపిస్త," అన్నాడు. "మీరెవ్వరు బయటికి రాకున్రి."