వెనక, ఎడమవైపు

ఆమె మందపాటి తలుపు వేసి, గది మధ్యలో ఉన్న కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. పొద్దున్నే ఆమె చేసే మొదటి పని అదే. గదిలో ఏ చప్పుడూ లేదని వినాలి. "ఏమీ వినపడకపోవడం వినడానికి జీతమా వదినా!" అని ఆడపడుచు ఒకప్పుడు కడుపు పట్టుకుని నవ్వింది.

గోడలకీ పైకప్పుకీ బూడిదరంగు స్పాంజి ముక్కలు పళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయి. కుర్చీ చుట్టూ ఇనుప చట్రానికి ఇరవై నాలుగు స్పీకర్లు. వచ్చినవాళ్ళ చెవుల్లో పెసరగింజంత మైకులు పెట్టి, ఒక్కో స్పీకరు నుంచీ చప్పుడు పంపి, ఆ చెవులు దాన్ని ఎలా పట్టుకుంటాయో కొలుస్తారు. ఏ ఇద్దరి చెవులూ ఒక్కలా ఉండవు. ఎవరి కొలతలు వాళ్ళ హెడ్‌ఫోన్లకు ఎక్కిస్తే పాట తల లోపల కాక, చుట్టూ వినపడుతుంది. వెనకున్నది వెనకే, పక్కనున్నది పక్కనే.

అలా కొలవాలంటే ముందు గదిలో చీమ చిటుక్కుమనకూడదు. కనిపెట్టడానికి మిషను ఉంది గానీ, ఆమె దానికంటే ముందే పట్టేది. పై అంతస్తులో కుళాయి కారుతోందని ఇక్కడినుంచే చెప్పి అందరినీ పరిగెత్తించిన రోజులున్నాయి. ఆఫీసులో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలవరు. పాముచెవులక్క అంటారు.

ఇప్పుడామె ఎడమ అరచేతిని స్పీకర్ల చట్రానికి ఆనించింది. ఏడాదిగా ఇదే పని. చెవికి అందనిది చేతికైనా తెలుస్తుందేమోనని. రెండు నెలల కిందట ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుంటే కాగితం మీద రెండు గీతలు గీసిచ్చారు. కుడిచెవి గీత తిన్నగా సాగింది. ఎడమది మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది. ఆ కాగితం నాలుగు మడతలతో చేతిసంచిలో, బస్సు పాసు వెనక ఉంది. రెండు చెవులూ సరిగ్గా ఉన్నవాళ్ళకే ఈ కుర్చీ.

చేతికి ఏమీ తెలియలేదు. బయటికొచ్చి తలుపు పక్కనున్న పలక మీద సుద్దముక్కతో సున్న చుట్టింది. సున్న అంటే చప్పుడు లేదని.

కొలతలు తీసే అమ్మాయి లోపలికెళ్ళి, వెంటనే బయటికి తల పెట్టింది. "అక్కా, ఎడమపక్క ఏదో గుయ్యిమంటోంది, కాదూ?"

"ఆ... ఇప్పుడే మొదలైనట్టుంది."

"పాముచెవులక్కకే వినపడలేదంటే నాకే చెవుల్లో పురుగు దూరిందేమో అనుకున్నా!" అమ్మాయి నవ్వుతూ ఒక స్పీకరు వెనక వదులైన వైరు బిగించింది. ఆమె కూడా నవ్వింది. చెవులు మాత్రం వేడెక్కాయి.

అమ్మాయి చెయ్యి తుడుచుకుంటూ అంది: "అన్నట్టు, పాత కొలతలు ఉంచి బయటివాళ్ళకీ ఇవ్వాలంటే ఎవరివి వాళ్ళు ఒప్పుకోవాలట. లేకపోతే సాయంత్రం చెరిపేస్తారు. అన్నిటికంటే పాతది మీదే."

"నా చెవులు ఊరందరికీ పంచేస్తే నాకేం మిగులుతాయే?"

"కొలతలే అక్కా! అందులో పాడైపోయిన ముక్క ఒకటుంది. ఎవరో తలుపు తీసి మాట్లాడారు. వింటారా?"

ఎవరో ఏమిటి. పదిహేడేళ్ళ కిందటి సంగతి. గది కొత్తది, కొలతకు మనుషులు దొరక్క ఆమెనే కూర్చోబెట్టారు. ఆమె మధ్యాహ్నం డబ్బా ఇంట్లో మరిచిపోతే వాళ్ళాయన పట్టుకొచ్చాడు. ఆయన తాళాలు బాగుచేసేవాడు. మూసిన తలుపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పైన వెలుగుతున్న ఎర్రదీపం చూడకుండా తీసేశాడు. ఆ తలుపు కుర్చీకి వెనక, ఎడమవైపు ఉంటుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆయన మాట వచ్చింది. కానీ కుడివైపు నుంచి, సన్నగా, గోడ అవతల సందులో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు. ఆయన పోయి ఆరేళ్ళు. ఇన్నాళ్ళకు వచ్చి పక్కింటివాళ్ళను పలకరిస్తున్నాడు.

"వెనకనుంచి కదా? మీ చెవుల్లో పట్టిందే కాబట్టి మీకు అచ్చంగా వినపడాలి."

"ఆ. వెనకనుంచే," అని అబద్ధమాడింది.

"ఈ మధ్య చెవుల పరీక్ష చేయించుకునుంటే ఆ కాగితం ఇవ్వండి. తగ్గినచోట పెంచి మిషను వినిపిస్తుంది. కాకపోతే ఆ కాగితం ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్తుంది, పెద్దసారు కూడా చూస్తారు."

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచింది. దాని మూతకి కొక్కెం ఊడిపోతే ఆయన పాత తాళం ముక్కతో కొత్తది చేసిపెట్టాడు. వేస్తే టక్కుమంటుంది. ఇంట్లో ఆయన పంచదార డబ్బా మూత ఎంత మెల్లగా తిప్పినా పెరట్లోనుంచి ఆమె అరిచేది. అప్పుడు పెట్టిన పేరే పాముచెవులు. ఆ రోజు ఆయన తలుపు తీసి అలా పిలిచాకే ఆఫీసంతా అందుకుంది.

కాగితం ఇస్తే కుర్చీ పోతుంది. ఇవ్వకపోతే ఆయన కుడివైపు సందులోనే ఉండిపోతాడు. పొద్దుటి సున్న కూడా కళ్ళముందు తిరిగింది. తిన్నది తక్కువ. డబ్బా మూసి, తలుపు పక్కన బల్ల మీద పెట్టి, సంచిలోంచి కాగితం తీసింది.

అమ్మాయి మడతలు విప్పి చూసింది. ఎడమ గీత మీద వేలు ఆగింది. పొద్దుటి వైరు అమ్మాయికి గుర్తొచ్చే ఉంటుంది.

"పెద్దసారు చూస్తారక్కా."

"చూడనీ."

గీతలు ఎక్కించాక ఆమె కుర్చీలో కూర్చుని మళ్ళీ వింది. ఈసారి మొదట తలుపు చప్పుడైంది. తర్వాత చెప్పుల చప్పుడు. అప్పుడు వెనకనుంచి, ఎడమవైపు, రెండడుగుల దూరంలో:

"పాముచెవులూ! డబ్బా మర్చిపోయావు. లోకంలో చప్పుళ్ళన్నీ వినపడతాయి గానీ, నీ ఆకలి నీకు వినపడదా?"

"ఎర్రదీపం చూడలేదా అయ్యా, కొలుస్తున్నాం!" అని ఇంకెవరిదో గొంతు.

"కొలవండి, కొలవండి. రవిక్కేనా?"

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. స్పాంజి గోడ, మూసిన తలుపు. అయినా కాసేపు అలాగే, మెడ తిప్పుకునే కూర్చుంది. అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది.

"కొలతలు ఎవరికైనా ఇచ్చుకో," అంది ఆమె చివరికి. "ఆ మాట మాత్రం ఎవరికీ ఇవ్వకు."

"అది మీ ఫోన్లో వేస్తా. హెడ్‌ఫోన్లు కూడా తీసుకెళ్ళండి."

ఆమె పలక పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. "ఈ సున్న తప్పండీ. ఏడాదిగా ఎన్ని తప్పో తెలీదు. ఈ ఏడాది కొలతలన్నీ మళ్ళీ ఒకసారి చూపించండి."

పెద్దసారు కంప్యూటర్లో గీతలు అప్పటికే చూసినట్టున్నాడు. "కొన్నాళ్ళు ఆగి చెప్పాల్సిందమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తోంది కదండీ."

కాగితాలు సర్దే పని ఏదో ఉందన్నాడాయన. ఆలోచించుకుంటానంది. ఆ మాట అన్నప్పుడే, ఇక ఆమె రాదని ఇద్దరికీ తెలిసింది. తిరిగొచ్చి పలక శుభ్రంగా తుడిచింది. సుద్దముక్కను అమ్మాయి చేతిలో పెట్టింది. సంచి భుజాన వేసుకుని, హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని, రోజూ వెళ్ళినట్టే వెళ్ళింది.

ఆమె గేటు దాటాక అమ్మాయి బల్ల వైపు చూసింది. డబ్బా అక్కడే ఉంది. పట్టుకుని పరిగెత్తింది.

"అక్కా! డబ్బా మర్చిపోయారు!"

బస్సు ఆగే చోట ఆమె నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి నవ్వింది. అమ్మాయి డబ్బా పైకెత్తి ఊపింది. కానీ ఆమె చూపు అమ్మాయి మీద లేదు. ఇంకా దగ్గరగా, రెండడుగుల దూరంలో ఉంది. బస్సు వచ్చింది, ఎక్కింది.

అమ్మాయి వెనక్కి వచ్చి, తుడిచిన పలక కింద, ఎప్పటి బల్ల మీదే డబ్బాను పెట్టింది. మూత ఒకవైపు కొంచెం లేచి ఉంది. తాళం ముక్కతో చేసిన ఆ కొక్కేన్ని వేలితో నొక్కితే, టక్కుమంది.