బొమ్మలకేనా స్టూళ్లు?

ఆ బట్టల షాపులో ఆమెను అందరూ గుండుసూది అనేవాళ్లు. సన్నగా ఉంటుందని కొంత, పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు పట్టుకుని ఉంటుందని కొంత. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ పలకరించరు, పలకరించినా జవాబు చెప్పక్కర్లేదు. మాట్లాడాలంటేనే బిక్కచచ్చిపోయే పిల్లకి అంతకంటే ఏం కావాలి! వీధి వైపున్న అద్దాల షోకేసు ఆమె రాజ్యం. అద్దానికి పరదా వేసుకుని లోపలికి వెళ్లిందంటే బొమ్మలకి గౌన్లూ కోట్లూ తొడిగి, వెనకాల వదులుగా ఉన్నచోట సూదులు గుచ్చి, ముందు నుంచి చూస్తే వాటి కొలతలకే కుట్టారా అన్నట్టు నిలబెట్టేది. ఆమె పరదా తీసేదాకా షావుకారైనా సరే లోపలికి తొంగి చూసేవాడు కాదు. అలా చూస్తే పని చెడుతుందని ఆ షాపులో ఎప్పణ్నుంచో ఒక నమ్మకం.

ఆ పని ఇప్పించింది పిన్ని. ఆవిడ దుప్పట్ల కౌంటరు చూసేది. షాపు తలుపులు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. అమ్మేవాళ్లు కూర్చుంటే కొనేవాళ్లకి మర్యాదగా ఉండదన్నది షావుకారు పెట్టిన నియమం. కౌంటర్ల వెనక కుర్చీ సంగతి దేవుడెరుగు, చిన్న పీట కూడా ఉండేది కాదు. ఎవరైనా కాస్త కౌంటరుకి ఆనుకుంటే చాలు, సూపర్‌వైజరు పళ్ల సందుల్లోంచి సన్నగా ఈల వేసేవాడు. అందుకే ఆడవాళ్లంతా చాటున అతన్ని ఈలయ్య అనేవాళ్లు.

పిన్ని కాళ్ల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. మడమ పైన చర్మం నల్లబడింది. డాక్టరమ్మ చూసి, మధ్యమధ్య కూర్చోకపోతే అక్కడ పుండు పడుతుందనీ, పడితే ఒక పట్టాన మానదనీ, ఆ తర్వాత నిలబడి చేసే పని మరిచిపోవలసిందేననీ చెప్పింది.

"ఏమన్నారు పిన్నీ?" అని అడిగింది గుండుసూది.

"ఏముందే, కూర్చోమన్నారు. ఆవిడ కుర్చీలో కూర్చునే చెప్పింది, ఆవిడకేం!" అని నవ్వేసింది పిన్ని. కానీ ఇంటికి వెళ్లేదారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగింది.

ఆ వారంలోనే లేబర్ ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. పనివాళ్లని కూర్చోనివ్వట్లేదని ఎవరో ఫిర్యాదు చేశారట. రాత్రికి రాత్రి కౌంటర్ల వెనకకి స్టూళ్లు వచ్చాయి. పొద్దున్నే షావుకారు గుండుసూదిని పిలిపించాడు.

"ఏమ్మా, నీ చెయ్యి పడితే బొమ్మకి కూడా ప్రాణం వచ్చినట్టుంటుంది. ఈ స్టూళ్లు చూశావా, కొత్త పెళ్లికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. అలా ఉండకూడదు. ఏళ్ల తరబడి వాడుతున్నట్టుండాలి. తెలిసిందా?"

నోట్లో సూదులున్నాయి కనక ఆమె తల ఊపి ఊరుకుంది.

పనిలో దిగాక మిగతాదంతా మరిచిపోయింది. చెప్పులు రాసుకునే చోట స్టూళ్ల కాళ్లు గరుకు కాగితంతో గీకింది. పాత గుడ్డతో మెత్తలు కుట్టి, వాటి మీద తనే కాసేపు కూర్చుని నలిపింది. ఒక మెత్తకి చిరుగు పెట్టి మళ్లీ వేరే రంగు దారంతో కుట్టింది. పిన్ని స్టూలు పక్కన సగం అల్లిన ఉన్ని మేజోడు ఒకటి వేలాడదీసింది. వెనక్కి జరిగి చూసుకుంటే తనకే ముచ్చటేసింది.

ఆఫీసరు నిదానంగా అన్నీ చూశాడు. స్టూలు మీద కూర్చున్న పిన్ని దగ్గర ఆగి, ఆ మేజోడు చేతిలోకి తీసుకున్నాడు.

"ఖాళీ దొరికితే అల్లుకుంటూ ఉంటారన్నమాట?"

పిన్ని జన్మలో అల్లిక సూది ముట్టుకున్న మనిషి కాదు. వెనక ఈలయ్య గొంతు సవరించుకున్నాడు.

"అవునండీ," అంది పిన్ని.

"స్టూలు బాగుందా? కూర్చుంటే సుఖంగా ఉందా?"

"చాలా సుఖంగా ఉందండీ."

ఆ ఒక్కమాట మాత్రం నిజం. ఆ మాట అంటూ ఆవిడ కళ్లు మూసుకోవడం గుండుసూది చూసింది. ఆఫీసరు సంతోషించి వెళ్లాడు. ఆయన కారు వీధి మలుపు తిరిగిందో లేదో స్టూళ్లన్నీ మేడమీది గోడౌనుకి ఎక్కిపోయాయి.

"ఈ పూటకి ఉంచండి బాబూ, కాలు లాగేస్తోంది," అంది పిన్ని.

"నాటకం అయిపోయాక కూడా కిరీటం పెట్టుకు తిరుగుతానంటావేంటమ్మా!" అని ఈలయ్య తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం పిన్ని కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకుంటే, గుండుసూది తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. మడమ పైన నల్లటి చోట చర్మం ఉల్లిపొరలా పలచబడి మెరుస్తోంది.

"నేనే చేశాను పిన్నీ అదంతా."

"బ్రహ్మాండంగా చేశావే. ఆ మెత్త చూసి నేనే నమ్మేశాను, రోజూ కూర్చుంటున్నానేమో, మరిచిపోయానేమోనని!"

పిన్ని పకపకా నవ్వింది. గుండుసూదికి మాత్రం నవ్వు రాలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది. తన చేతులంటే తనకి ఎంత గర్వమో, ఆ పూట వాటిని చూస్తే అంత ఒళ్లుమండింది.

చలికాలం సరుకు దిగింది. షోకేసు మార్చమన్నారు. గుండుసూది మొదటిసారి తనంతట తాను ఈలయ్య దగ్గరికి వెళ్లి, సూదులు అరచేతిలోకి తీసుకుని, నేల చూపులు చూస్తూ అడిగింది.

"గోడౌన్లో స్టూళ్లు కావాలండీ. అన్నీ."

"దేనికి?"

"షోకేసుకి."

"షోకేసుకా? షోకేసుకైతే పట్టుకుపో. అడగాలా!" అన్నాడతను ఉదారంగా.

పరదా వేసుకుంది. ఒక పాత బల్లకి గుడ్డ చుట్టి, అచ్చం షాపు కౌంటరులాగే కట్టింది. దాని వెనక స్టూళ్లు వరసగా వేసింది. అయితే ఆ బొమ్మలు నిలబడే బొమ్మలు, వంగవు. అందుకని నడుం దగ్గర తిప్పి పై సగాలు ఊడదీసింది. వాటిని స్టూళ్ల మీద కూర్చోబెట్టి, ఒళ్లో దుప్పట్లు కప్పి, షాపులో ఆడవాళ్లు వేసుకునే నీలం కోట్లే తొడిగింది. కాళ్లన్నీ వెనక గోడకి ఆనించి పెట్టింది. చివరి స్టూలు ఖాళీగా ఉంచి, పిన్నికి కబురు పంపింది.

పిన్ని షాపు వైపునుంచి షోకేసులోకి వచ్చి, గోడవారగా నిలబడ్డ కాళ్లను చూసి గుండెమీద చెయ్యేసుకుంది. "ఓసి నీ దుంపతెగ, కాళ్లు తీసేస్తే గానీ కూర్చోలేకపోయాయా ఇవీ! నావి కూడా ఇలా ఊడొస్తే బాగుణ్ను, ఇంట్లో పెట్టేసి వచ్చేదాన్ని."

"ఈ స్టూలు నీది. కూర్చో."

"ఇక్కడా? అద్దంలోనా? నా పరువు తియ్యకే తల్లీ!"

"పిన్నీ, ఆ రోజు ఆయన ముందు కూర్చోమంటే కూర్చున్నావు. ఇవాళ నేనంటున్నాను."

ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం పిన్ని ఎప్పుడూ వినలేదు. స్టూలు మీద కూర్చుని, కాలు చాపి, "సరే కానీ," అంది.

గుండుసూది అద్దం మీది పరదా తీసేసింది.

మొదట ఒక పాలవాడు సైకిలు ఆపాడు. తర్వాత బడికి వెళ్లే పిల్లలు. "చివరి బొమ్మ కళ్లు ఆర్పుతోందిరోయ్!" అని ఒకడు కేకపెట్టాడు. పిన్ని వాణ్ని చూసి నాలుక బయటపెట్టింది. ఇంకేం, వీధిలో సగంమంది అద్దానికి అతుక్కుపోయారు. పాతిక మంది నవ్వుల మధ్య ఒక ముసలావిడ గొంతు గట్టిగా వినిపించింది. "ఈవిడ దుప్పట్ల ఆవిడ కదూ! నేనెప్పుడొచ్చినా నిలబడే ఉంటుంది పాపం. లోపల లేని స్టూళ్లు బొమ్మలకెందుకట?"

షావుకారు పరుగున వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. కానీ వీధిలో జనాన్ని చూడగానే ఆ ఎరుపు కాస్తా చల్లారి, చిరునవ్వయింది. గుమ్మంలోంచి అప్పటికే జనం లోపలికి వస్తున్నారు. షోకేసులోకి వచ్చి, వీధికి నవ్వుముఖం చూపిస్తూనే, పెదాలు కదలకుండా మాట్లాడాడు.

"నన్నడగకుండా చేశావు. పోనీలే. ఐడియా మాత్రం భలే ఉంది. జనం చూడు! రోజూ పొద్దునొక గంట, సాయంత్రం ఒక గంట మీ పిన్ని ఇక్కడ కూర్చోవచ్చు. సంతోషమేనా?"

పిన్ని ప్రాణం లేచివచ్చినట్టు గుండుసూది వైపు చూసింది. రెండు గంటలంటే మాటలు కాదు. డాక్టరమ్మ చెప్పింది ఇంచుమించు అదే. తల ఊపితే సరిపోతుంది. తల ఊపడం ఆ పిల్లకి బాగా అలవాటు కూడా.

ఆమె నోట్లోంచి సూదులు తీసి కోటుకి గుచ్చుకుంది.

"అద్దంలో వద్దండీ. కౌంటరు దగ్గర కావాలి. అందరికీ."

"ఏంటీ?"

"వీధికి చూపించడానికి కూర్చోవడం కాదండీ. కాళ్లు నొప్పెడితే కూర్చోవడం."

షావుకారు నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మారాయి. "పరదా వెయ్యి. లోపల మాట్లాడుకుందాం."

"వెయ్యనండీ."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. "ఇన్నాళ్లూ పరదా వేసే పని చేశాను. ఇవాళ తెరిచే ఉంటుంది. లే పిన్నీ."

పిన్ని లేచింది. గుండుసూది ఆవిడ స్టూలు రెండు చేతులా ఎత్తి, షావుకారు పక్కనుంచే షాపులోకి నడిచింది. ఈలయ్య దారికి అడ్డంగా వచ్చి ఈల వేశాడు. ఆమె ఆగలేదు. స్టూలు కాళ్లు నాలుగూ కొమ్ముల్లా ముందుకి పొడుచుకుని ఉన్నాయి. అతనే పక్కకి తప్పుకోవలసి వచ్చింది.

చొక్కాల కౌంటరు ఆవిడ అది చూసింది. చేతిలో చొక్కా పడేసి షోకేసులోకి వెళ్లి, ఒక బొమ్మని భుజాలు పట్టి నేలమీదికి దింపి, "నువ్వు చాలాసేపు కూర్చున్నావు తల్లీ, ఇక నా వంతు," అని స్టూలు తీసుకుంది. వెనకే గౌన్లావిడ. ఆ వెనక బొత్తాలూ దారాలూ అమ్మే ఆవిడ. అద్దం అవతల జనం ఇదంతా చూస్తూ ఈసారి చప్పట్లు కొట్టారు.

"ఎవరి స్టూళ్లనుకుంటున్నారు! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అని గుండుసూది మీద అరిచాడు షావుకారు.

ఆమె స్టూలు దుప్పట్ల కౌంటరు వెనక దించి, అది ఊగకుండా ఉందో లేదో చేత్తో కదిపి చూసింది. "రేపటి సంగతి రేపు చూద్దామండీ. ఇవాళ ఇది ఇక్కణ్నుంచి కదలదు. కదిలిస్తే ఆ ఆఫీసరు దగ్గరికి నేనే వెళ్తాను. మెత్తలు కుట్టింది ఎవరో, ఎప్పుడు కుట్టిందో ఆయనకి చెప్తాను."

"ఆ మేజోడు నాది కాదని నేనూ చెప్తాను," అంది పిన్ని.

"నన్నూ తీసుకెళ్లండి," అంది చొక్కాల ఆవిడ, అప్పటికే కూర్చుని.

షావుకారు చుట్టూ చూశాడు. కౌంటర్లన్నిటి వెనకా ఆడవాళ్లు కూర్చున్నారు, కౌంటర్ల ముందు జనం నిలబడ్డారు. గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇందాకటి ముసలావిడ దుప్పట్ల దగ్గరికి వచ్చి, పై అరలో ఉన్న గళ్ల దుప్పటి చూపించమంది. పిన్ని అలవాటుగా లేవబోయింది. గుండుసూది ఆవిడ భుజం మీద చెయ్యేసి నొక్కింది. పిన్ని మళ్లీ సర్దుకుని కూర్చుని, నడవలో ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్న సూపర్‌వైజరుని పిలిచింది.

"ఏం నాయనా, ఎత్తుగా ఉన్నావు కదా, ఆ గళ్ల దుప్పటి కాస్త అందివ్వు. నేను కూర్చున్నాను."