చిల్లు డ్రమ్ము పెట్టిన తోడు

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. అడుగున చిల్లు ఉంది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసిన మనుషులు మొదట అనేదీ అదే.

పుట్టగానే నా కడుపు నిండా కాస్టిక్ సోడా పోసి, బాక్సైటు నుంచి అల్యూమినా తీసే ఒక కర్మాగారానికి పంపారు. అక్కడ రాతిపొడిని సోడాలో ఉడికించి, కావలసింది తీసుకుని, మిగిలిన ఎర్రబురదను ఊరి పక్కన గట్టు కట్టి పోస్తారు. సోడా ఘాటు చావని ఆ బురదలో గడ్డిపరక మొలవదు. ఎండితే దుమ్మై లేచి గట్టు కింది పొలాల మీద పడుతుంది. ఆ పాపంలో నా వాటా ఒక డ్రమ్మెడు.

ఖాళీ అయ్యాక ఎండలో పడేస్తే అడుగు చీలింది. అప్పుడు సూక్ష్మజీవుల శాస్త్రం చదివిన హైమావతి వచ్చింది. ఆ బురదలోనే మొండిగా బతికే సూక్ష్మజీవులను పట్టి, బెల్లం నీళ్ళు తాగించి పెంచితే అవి పులుపు పుట్టిస్తాయి, ఆ పులుపు బురద ఘాటును విరిచేస్తుంది అంటుంది. వాటిని పెంచుకోవడానికి కర్మాగారం వారు పెద్ద మనసు చేసుకుని నన్ను దానం చేశారు. నన్ను ఆ బురద మీదే నిలబెట్టారు; చిల్లుకు ఎంత తారు పూసినా నేను కారుతూనే ఉన్నాను.

నన్ను చూసుకునే పనికి పోలమ్మ కుదిరింది. గట్టు కింద మొదటి మడి ఆమెదే. రోజూ వరి ఆకును వేలితో తుడిచి, అంటిన ఎరుపు చూసుకుని నిట్టూర్చి, నా దగ్గరకొచ్చి కలియబెట్టేది.

"పాలకి తోడెట్టినట్టే గదమ్మా?" అని అడిగింది ఒకసారి.

"అచ్చం అంతే," అంది హైమావతి. పట్నంలో సీసాల్లో దాచిన తోడు కరెంటు పోయి చెడిపోయిందనీ, ఇక మిగిలింది నాలో ఉన్నదేననీ మాత్రం చెప్పలేదు.

ఈ పని సాగనివ్వాలో ఆపించాలో తేల్చడానికి కర్మాగారం పెద్దలు వస్తున్నారన్నారు. ఆపిస్తే పోలమ్మ మడి దుమ్ముపాలే. చుట్టాలొస్తుంటే ఇల్లు అలుక్కునే మనిషి కదా, నాలోని కంపు నీళ్ళు పారబోసి, నన్ను కుళాయి దగ్గరకు దొర్లించి, లోపలా బయటా బ్లీచింగ్ పౌడరు చల్లి, కొబ్బరి పీచుతో తళతళలాడేలా తోమింది. నేను కారి మరకపడ్డ చోటు కనిపించకుండా గోనెసంచి కప్పింది. నిజం చెప్పొద్దూ, ఆ స్నానం నాకు హాయిగానే ఉంది.

పెద్దలు వచ్చారు. కంపు లేదని మెచ్చుకుని, శుభ్రత భేషని, పని సాగించమని చెప్పి, టీ తాగి వెళ్ళారు. ఒక్కరూ నా మూత తీయలేదు.

హైమావతి తీసింది. బ్లీచింగ్ వాసన చూసి, మిగిలిన తోడంతా నాలోనే ఉండేదని అప్పుడు చెప్పింది.

పోలమ్మ కూలబడింది. "సంపేసినానేటమ్మా? నా మడికి నానే సిచ్చెట్టుకున్నానేటి?"

"నీకు చెప్పకపోవడం నాదే తప్పు, పోలమ్మా."

ఇక దాచేదేముందని పోలమ్మ గోనెసంచి లాగేసింది. లాగి, ముక్కు ఎగబీల్చింది. "అమ్మా, ఇక్కడ పులుపు కొడతంది!"

అక్కడి బురద గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంది. నా చిల్లు అన్నాళ్ళూ చేసిన పని అది. హైమావతి ఒక గుప్పెడు తీసి, బెల్లం నీళ్ళతో నాలో వేసింది. నాలుగు రోజులు ఇద్దరికీ అన్నం సయించలేదు. అయిదో రోజు పోలమ్మ మూత తీసి, "కంపు కొడతందమ్మా, కంపు!" అని గంతులేసింది. కంపుకు మనుషులు ఏడ్చినంత పని చేయడం నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాత నాకెవరూ తారు పూయలేదు. పోలమ్మే ఇనుప చువ్వ కాల్చి ఇంకో రెండు చిల్లులు పొడిచింది. నన్ను చోటు మార్చి చోట నిలిపారు. నేను కారిన చోటల్లా గడ్డి పట్టింది.

ఇప్పుడు నా రంగు వెలిసింది, అంచులు పెళుసెక్కాయి. ఈ ఉదయం పోలమ్మ వరి ఆకు తుడిచి వేలు చూసుకుంది. నమ్మకం కుదరక ఇంకో ఆకు తుడిచింది. ఆ వేలిని తెల్లచీర కొంగుకు రాసి మరీ చూసింది. తర్వాత గట్టెక్కి వచ్చి నా మీద చెయ్యి వేసింది.

"నీ కడుపు సల్లగుండ!" అంది.

పుట్టగానే సోడా మోసిన కడుపు నాది.